పరాయి దేశంలో పాఠం చెప్పడం: పీటర్ హెస్లర్ ‘రివర్ టౌన్’ - ఒక పరిశీలన

ఉపాధ్యాయ వృత్తిలోకి రాదలచినవారు కొంతకాలం విదేశీ పాఠశాలలో గాని, కళాశాలలో గాని పనిచేసి రావడం ఇప్పుడు చాలా దేశాల్లో మామూలు విషయం. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారికి ఈ దారి మరీ సులువు. 1987లో మొదలైన జపాన్ ప్రభుత్వపు ‘జెట్’ పథకం కింద ఏటా వేలమంది యువతీయువకులు అక్కడి బడుల్లో సహాయక భాషోపాధ్యాయులుగా పనిచేస్తున్నారు. వారికి డిగ్రీ ఉండాలి, బోధనలో శిక్షణ పొంది ఉండాలన్న నియమం మాత్రం లేదు. అమెరికాలో 1961లో ఏర్పడిన పీస్ కోర్ సంస్థ పంపిన స్వచ్ఛంద కార్యకర్తల్లో పెద్ద భాగం ఉపాధ్యాయులే. మన దేశంలోనూ 1961 నుంచి 1976 వరకు పీస్ కోర్ పనిచేసింది.

ఇలా వెళ్లి వచ్చినవారు రాసే అనుభవ కథనాలకు లెక్కలేదు. వాటిలో చాలావాటికి ఒకటే మూస. వెళ్లేటప్పుడు భయం, మొదటి వారం ఇబ్బంది, పిల్లల నవ్వులు, తిరుగు ప్రయాణంలో కన్నీళ్లు, ‘నేను నేర్పిన దానికంటే నేర్చుకున్నదే ఎక్కువ’ అన్న చివరి వాక్యం. ఆ వాక్యం అబద్ధమని కాదు. ఏం నేర్చుకున్నారో చెప్పకుండానే చాలామంది దాన్ని రాసేస్తారు. ఈ పాఠంలో మనం చదవబోయే పుస్తకం ఆ మూసలో పూర్తిగా ఇమడదు. అలాగని దానికి పూర్తిగా బయట కూడా లేదు. అందుకే దీన్ని విమర్శకు తీసుకుంటున్నాం.

రచన నేపథ్యం

పీటర్ హెస్లర్ 1969లో పుట్టిన అమెరికన్ రచయిత. ప్రిన్స్‌టన్‌లోనూ ఆక్స్‌ఫర్డ్‌లోనూ ఇంగ్లీషు సాహిత్యం చదివారు. 1996 ఆగస్టు చివర పీస్ కోర్ తరఫున చైనాలోని ఫూలింగ్ అనే పట్టణానికి వెళ్లి, అక్కడి ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో రెండేళ్లు ఇంగ్లీషు సాహిత్యం బోధించారు. తోడుగా ఆడమ్ మైయర్ అనే మరో అమెరికన్ ఉపాధ్యాయుడు ఉన్నారు. ఆ అనుభవాలతో రాసిన ‘రివర్ టౌన్’ 2001లో వెలువడి, అదే ఏడాది కిరియామా పురస్కారం అందుకుంది.

యాంగ్‌ట్సీ మహానదిలో వూ నది కలిసే చోట ఫూలింగ్ ఉంది. కొండవాలు మీద మెట్లు మెట్లుగా కట్టుకున్న ఊరు. అప్పట్లో అక్కడికి రైలు లేదు. చోంగ్‌చింగ్ నుంచి పడవలో దిగువకు వెళ్లవలసిందే. దాదాపు యాభై ఏళ్లుగా అమెరికన్లెవరూ వచ్చి ఉండని ఊరది. మావో కాలంలో చైనా ప్రభుత్వం పీస్ కోర్‌ను సామ్రాజ్యవాదుల పనిముట్టుగా తిట్టిపోసింది. అందువల్ల 1993లో ఆ సంస్థ చైనాలో అడుగుపెట్టినప్పుడు పాత పేరు పనికిరాలేదు. అక్కడ వారిని ‘అమెరికా-చైనా మైత్రీ స్వచ్ఛంద సేవకులు’ అన్నారు. తనకు తెలియని పాత కోపాల మధ్య, పేరు మార్చుకుని వచ్చిన ఉపాధ్యాయుడు హెస్లర్. పుస్తకం చదువుతున్నంతసేపూ ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మరొక సంగతి కూడా ముఖ్యం. ఆయన విద్యార్థులు ఎక్కువగా రైతు కుటుంబాల నుంచి వచ్చినవారు. ఆ కళాశాల నుంచి బయటికి వెళ్లాక గ్రామాల్లోని మాధ్యమిక పాఠశాలల్లో ఇంగ్లీషు ఉపాధ్యాయులు కావలసినవారు. ప్రభుత్వమే ఉద్యోగం కేటాయించే పద్ధతి అప్పటికింకా ఉంది. అంటే ఆ గదిలో వృత్తి కోసం చదువుకుంటున్న భావి ఉపాధ్యాయులు బల్లల మీద కూర్చున్నవారే. నల్లబల్ల దగ్గర నిలబడ్డ మనిషి చదివింది సాహిత్యం, బోధనాశాస్త్రం కాదు. ఈ తలకిందుల పరిస్థితిని హెస్లర్ దాచిపెట్టరు. అయితే దాని మీద ఎక్కువసేపు నిలవరు కూడా.

షేక్‌స్పియర్ పాఠం

పుస్తకంలో అందరూ గుర్తుపెట్టుకునే అధ్యాయం షేక్‌స్పియర్ గురించినది. ‘చైనా లక్షణాలతో కూడిన సోషలిజం’ అన్న ప్రభుత్వ నినాదాన్ని కాస్త వంచి, ‘చైనా లక్షణాలతో కూడిన షేక్‌స్పియర్’ అని దానికి పేరు పెట్టారు. ప్రియమైన వ్యక్తిని వేసవి రోజుతో పోల్చే 18వ సానెట్‌ను ఆయన తరగతిలో చెబుతారు. ముందు అర్థం చెప్పరు. లయ పట్టుకోమంటారు. ఇంగ్లీషు ఛందస్సులోని ఊనికను విద్యార్థులు బల్లల మీద చేతులతో తడుతూ పట్టుకుంటారు. తరువాత, ఈ పద్యంలోని స్త్రీ ఎలా ఉంటుందో ఊహించమంటారు. వాళ్ల ఊహల్లోంచి వచ్చింది చైనా కావ్యాల్లోని సుందరి.

బోధన గురించి రాసిన పేజీల్లో ఇవి మంచివి. కారణం సులువుగానే తెలుస్తుంది. ఇక్కడ ఉపాధ్యాయుడు తన పాండిత్యం చూపించడు. విద్యార్థి చెవిని నమ్ముతాడు. ఆ విద్యార్థుల్లో ప్రతి ఒక్కరికీ తాంగ్ యుగపు పద్యాలు కొన్నైనా కంఠస్థం. పద్యం అంటే నోటితో పలికేది, చెవితో వినేది అని వారికి చిన్నప్పటినుంచీ తెలుసు. హెస్లర్ దాన్ని గమనించి వాడుకున్నారు. మనలో వేమన పద్యాలో సుమతీ శతకమో నోటికి వచ్చినవారికి, అర్థం తెలియకముందే ఆటవెలది నడకో కందం నడకో ఎలా అబ్బుతుందో వేరే చెప్పనక్కర్లేదు. ఇంగ్లీషు పద్యాన్ని కూడా అలా మొదలుపెట్టవచ్చునని మనకు చెప్పిన ఉపాధ్యాయులు ఎందరు? నా చదువులో మాత్రం ముందు సారాంశం, తరువాత ప్రశ్నలు, జవాబులు. పద్యం ఎలా వినిపిస్తుందో పరీక్ష అయిపోయాక కూడా తెలియలేదు.

అయితే ఇక్కడే రెండు అభ్యంతరాలు చెప్పుకోవాలి. మొదటిది చిన్నది. షేక్‌స్పియర్ సానెట్లలో మొదటి 126 ఒక యువకుణ్ణి ఉద్దేశించినవని పండితుల్లో ఎక్కువమంది భావన. 18వ సానెట్ ఆ వరుసలోదే. ఫూలింగ్ తరగతి గదిలో మాత్రం ఆ వ్యక్తి స్త్రీగానే నిలిచింది. ఆక్స్‌ఫర్డ్‌లో చదివిన మనిషికి ఈ సంగతి తెలియకపోదు. తరగతి స్థాయినిబట్టి దాన్ని పక్కన పెట్టడం తప్పు కాదు, అందరం అలాంటివి చేస్తాం. కానీ పాఠకుల ముందు ఆ ఎంపిక గురించి ఒక మాట ఉంటే ఉపాధ్యాయుడి మనసు ఎలా పనిచేస్తుందో ఇంకాస్త తెలిసేది.

రెండోది పెద్దది. విశ్వవిద్యాలయాల్లోని విమర్శ సిద్ధాంతాలతో విసిగిపోయిన హెస్లర్‌కు ఫూలింగ్ విద్యార్థులు ‘తాజా’ పాఠకులుగా కనిపించారు. కవిత్వాన్ని కవిత్వంగానే చదివే మనుషులు దొరికారని సంతోషించారు. ఆ సంతోషంలో కొంత భ్రమ ఉంది. బల్ల మీద కూర్చున్న విద్యార్థి ఎప్పుడూ ఖాళీ పలక కాదు. రాబిన్ హుడ్ ఇప్పుడు చైనాకు వస్తే ఏం చేస్తాడో రాయమన్నప్పుడు, అవినీతిపరులను దోచి పేదలకు పంచుతాడని కొందరు రాశారు. సోషలిస్టు దేశంలో అతనితో పని లేదని మరికొందరు రాశారు. రాజకీయం ముందునుంచీ ఆ గదిలో ఉంది. తనకు నచ్చిన చోట దాన్ని ‘స్వచ్ఛమైన స్పందన’ అనీ, నచ్చని చోట ‘ప్రచారం నూరిపోసిన ఫలితం’ అనీ అనుకోవడం హెస్లర్‌లో మొదటి ఏడాది అంతా కనిపిస్తుంది. మెచ్చుకోవలసింది ఏమిటంటే, ఆ ధోరణిని మనం పట్టుకోవడానికి కావలసిన ఆధారాలన్నీ ఆయనే పుస్తకంలో ఉంచారు.

ఆలోచించండి: మీరు చదివిన ఏదైనా ఇంగ్లీషు పద్యాన్ని తీసుకోండి. అందులోని పూలు, ఋతువులు, మనుషులు మీ ఊహలో ఎలా కనిపించారో నాలుగు వాక్యాల్లో రాయండి. ఆ ఊహ ‘తప్పు’ అని మీ ఉపాధ్యాయుడు అంటే మీరేం జవాబు చెబుతారు?

‘తప్పు’ అనే మాట

ఈ రచనకు గుండెకాయ, నా దృష్టిలో, షేక్‌స్పియర్ అధ్యాయం కాదు. హెస్లర్ స్వయంగా విద్యార్థిగా కూర్చున్న పేజీలు. కొద్దిపాటి చైనీసుతో ఫూలింగ్ చేరిన ఆయన, కళాశాలలోని ఇద్దరు ఉపాధ్యాయుల దగ్గర పాఠాలు మొదలుపెట్టారు. వారిలో లియావ్ అనే ఉపాధ్యాయురాలు పొగడ్త ఎరగని మనిషి. ఉచ్చారణలో స్వరం కొంచెం తప్పినా ‘బూ దుయి’, అంటే ‘కాదు, తప్పు’ అనేవారు. అమెరికన్ విద్యాపద్ధతిలో, ప్రతి చిన్న ప్రయత్నానికీ ‘భేష్’ వినడానికి అలవాటు పడిన మనిషికి ఆ మాట చెంపదెబ్బలా తగిలేది. పది వాక్యాల్లో తొమ్మిది సరిగ్గా పలికినా, వినిపించేది ఆ పదో వాక్యం మీది ‘తప్పు’ మాత్రమే. ఆ మాట వినకూడదన్న పంతంతోనే ఆయన రోజుకు గంటలు గంటలు అక్షరాలు దిద్దారు.

ఈ పేజీలు ఎందుకు ముఖ్యమంటే, ఇక్కడ రెండు బోధనా సంప్రదాయాలు ముఖాముఖిగా నిలబడతాయి. ఒకటి మెచ్చుకుని ముందుకు నడిపించేది, రెండోది తప్పు దిద్ది నిలబెట్టేది. హెస్లర్ రెండోదాన్ని మొదట క్రూరమనుకున్నారు, తరువాత దానికి గౌరవం ఇచ్చారు. ఎక్కడా ఇదే మంచిదని తీర్పు చెప్పలేదు. బి.ఎడ్. పాఠ్యపుస్తకాల్లో ‘పునర్బలనం’ గురించి చదివే మన విద్యార్థులు ఈ అధ్యాయాన్ని దాని పక్కన పెట్టుకుని చదవాలి. తప్పు చెప్పించుకోవడం ఎలా ఉంటుందో ఇరవై ఏడేళ్ల వయసులో మళ్లీ తెలుసుకున్న ఉపాధ్యాయుడికి తన తరగతిలోని వెనక బల్లలు కూడా వేరుగా కనిపిస్తాయి.

లియావ్‌తో గొడవ భాష దగ్గర ఆగలేదు. నల్లమందు యుద్ధాల ప్రస్తావన, 1997 జూలై 1న హాంకాంగ్ తిరిగి చైనాకు దక్కడం గురించిన మాటలు ఇద్దరి మధ్యా బరువైన మౌనంగా మారాయి. పాఠ్యపుస్తకంలోని వాక్యాలే ఆయుధాలయ్యాయి. బ్రిటన్ చేసిన అవమానాన్ని ఆమె ఎందుకంత సొంతంగా తీసుకుంటారో హెస్లర్‌కు మొదట అర్థం కాలేదు. మనకు అర్థమవుతుంది. ఇక్కడ తెలుగు పాఠకుడు హెస్లర్ వైపు కాక లియావ్ వైపు కూర్చుని చదువుతాడు. నల్లమందు యుద్ధాల కాలంలో చైనాకు చేరిన సరుకులో పెద్ద భాగం మన దేశంలో పండినదే. ఈ పుస్తకం అమెరికన్ పాఠకుడి కోసం రాసినది కాబట్టి ఆమె కోపం అందులో వివరించవలసిన వింత. మనకు అది వింత కాదు. పుస్తకం గురించి మన అంచనా ఇంగ్లీషు సమీక్షకుల అంచనా కంటే వేరుగా ఉండవలసిన చోటు ఇదే.

రెండో ఏడాదికి వారిద్దరి మధ్యా సంబంధం మెత్తబడింది. రాజీ కుదిరి కాదు. హెస్లర్ చైనీసు మెరుగై, ఆయన ఒక విదేశీ ప్రతినిధిగా కాక, మాట్లాడదగిన మనిషిగా మారారు. బజారులో, నూడుల్స్ కొట్టులో, నది ఒడ్డున ఆయన్ని ‘హో వెయ్’ అన్న చైనా పేరుతోనే పిలిచేవారు. ఇంగ్లీషులో ఉన్నప్పుడు తాను గురువు, చైనీసులో ఉన్నప్పుడు తడబడే శిష్యుడు. ఈ రెండు బతుకుల మధ్య తేడా చెప్పిన చోట రచయిత నిజాయితీ మీద నాకు నమ్మకం కుదిరింది.

ఎంతకాలం ఉంటే చాలు?

ఇక్కడ ఒక లెక్క వేసి చూద్దాం. ఇప్పుడు ప్రకటనల్లో కనిపించే విదేశీ బోధనా ఇంటర్న్‌షిప్‌లు చాలావరకు కొన్ని వారాలవి. హెస్లర్ ఎనిమిది వారాలకే తిరిగి వచ్చి ఉంటే ఈ పుస్తకంలో ఏముండేది? కళాశాలలో జరిగిన సభలు, అధికారులతో విందుల్లో గ్లాసు తరువాత గ్లాసు సారా తాగవలసి రావడం, వీధిలో నడుస్తుంటే వెనకనుంచి ‘హలో’ అంటూ వెక్కిరించే కేకలు, తన చుట్టూ మూగే జనం. అంతే. లియావ్ ఒక కటువైన మనిషిగా మిగిలిపోయేది. ఫూలింగ్ ఒక మురికి పట్టణంగా మిగిలిపోయేది. మొదటి భాగంలోని చిరాకు రెండో భాగంలో ఎలా కరిగిందో చదివినవారికి, తక్కువ రోజుల ‘అనుభవం’ మనిషిని తన పాత అభిప్రాయాల్లోనే మరింత గట్టిపరిచి పంపగలదని అర్థమవుతుంది.

మన బి.ఎడ్.లో 2014 నిబంధనల ప్రకారం రెండేళ్లలో 20 వారాల పాఠశాల అనుభవం ఉండాలి. అదీ మన ఊళ్లో, మన భాషలో. తెలిసిన బడిలోనే అన్ని వారాలు కావాలని మనం నియమం పెట్టుకున్నాం. భాష రాని దేశంలో నాలుగు వారాల్లో బోధనానుభవం దొరుకుతుందన్న మాటను ఆ నియమం పక్కన పెట్టి తూచాలి. చూసి రావడం వేరు, పాఠం చెప్పి రావడం వేరు.

అయితే రెండేళ్లు కూడా అన్నిటికీ మందు కాదని ఈ పుస్తకమే చూపిస్తుంది. వెళ్లిపోయే రోజులు దగ్గరపడినప్పుడు, జ్ఞాపకంగా ఉంటుందని హెస్లర్, మైయర్ ఊరి వీధుల్లో వీడియో తీయబోయారు. జనం మూగి, మాటామాటా పెరిగి, పరిస్థితి చేయి దాటిపోయింది. రెండేళ్లు చైనీసు నేర్చుకుని, ఊరంతా తెలిసిన మనిషి, చేతిలో కెమెరా పట్టుకోగానే మళ్లీ విదేశీయుడైపోయాడు. ఈ సంఘటనను ఆయన వదిలేసి ఉంటే ఎవరూ అడిగేవారు కాదు. ముగింపు తీయగా ఉండేది కూడా.

విద్యార్థుల రాతలు ఎవరివి?

ఇప్పుడు పుస్తకం మీద నా ప్రధానమైన అభ్యంతరం. ‘రివర్ టౌన్’లో చాలా అందమైన వాక్యాలు హెస్లర్‌వి కావు. అవి విద్యార్థుల వ్యాసాల్లోవి. తమ ఊళ్ల గురించి, తల్లిదండ్రుల గురించి, పేదరికం గురించి వాళ్లు సరిగా రాని ఇంగ్లీషులో రాసిన మాటలు పుస్తకానికి ప్రాణం పోశాయి. విద్యార్థులు తాము ఎంచుకున్న ఇంగ్లీషు పేర్లతోనే ఇందులో కనిపిస్తారు. ఆ పేర్లు ఒక రకంగా రక్షణ. మరో రకంగా అవి మనిషిని తరగతి గది గోడల మధ్యే ఉంచేస్తాయి. ఇంట్లో వాళ్లను ఏమని పిలుస్తారో మనకు తెలియదు.

ఉపాధ్యాయుడికి నమ్మకంగా రాసి ఇచ్చిన కాగితం తరువాత పుస్తకమైతే, దానికి న్యాయమేమిటి? ఆ వ్యాసాలు మార్కుల కోసం రాసినవి. విద్యార్థికి ‘ఇవ్వను’ అనే స్వేచ్ఛ లేని చోట పుట్టినవి. పైగా, రాజకీయంగా సున్నితమైన విషయాల మీద తరగతిలో కవ్వించే ప్రశ్నలు వేసినప్పుడు హెస్లర్‌కు ఉన్న ప్రమాదం మహా అయితే ఇంటికి పంపించడం. విద్యార్థి మాత్రం అక్కడే ఉండాలి, ఉద్యోగం అక్కడే రావాలి. ఈ అసమానత రచయితకు తెలియక కాదు, కొన్ని చోట్ల బాధగా గుర్తిస్తారు కూడా. కానీ గుర్తించి ముందుకు సాగిపోతారు. మీరు రేపు శిక్షణలో భాగంగా డైరీ రాసేటప్పుడు, పిల్లల మాటలను అందులోకి ఎక్కించేటప్పుడు ఈ ప్రశ్న మీకూ ఎదురవుతుంది.

దీనికే తోడు ఇంకొక లోటు. ఈ విద్యార్థులు ఉపాధ్యాయులు కాబోతున్నవారని ముందే చెప్పుకున్నాం. వాళ్లు సానెట్ ఎలా చదివారో మనకు వివరంగా తెలుస్తుంది. వాళ్లు పల్లెబడిలో నిలబడి మొదటి పాఠం ఎలా చెప్పారో ఆ మేరకు తెలియదు. హామ్లెట్ నాటకాన్ని తరగతిలో ఆడిన కుర్రవాడు, అరవై మంది పిల్లలున్న గదిలో వర్తమాన కాలం ఎలా చెబుతాడు? ఫూలింగ్‌లో జరిగిన బోధనకు అసలు పరీక్ష అది.

నది గురించిన పేజీలు

అధ్యాయాల మధ్య హెస్లర్ చిన్న చిన్న వర్ణన ఖండికలు పెట్టారు. వాటిలో బైహెలియాంగ్, అంటే ‘తెల్లకొంగల గట్టు’ గురించినది చదివి తీరాలి. అది యాంగ్‌ట్సీ మధ్యలో ఉన్న రాతితిన్నె. చలికాలంలో నీరు తగ్గినప్పుడు మాత్రమే బయటపడేది. దాని మీద చెక్కిన చేపల బొమ్మలను బట్టి జనం నీటిమట్టం కొలిచేవారు. తాంగ్ యుగం నుంచి పన్నెండు వందల ఏళ్లపాటు ఆ దారిన వచ్చిన అధికారులు, కవులు తమ పేర్లు, తేదీలు, నీటి కొలతలు అక్కడ చెక్కి వెళ్లారు. ఆ పేజీల్లో హెస్లర్ తన గురించి దాదాపు ఏమీ చెప్పరు. రాయి గురించి, నీటి గురించి, అక్కడ నిలబడ్డ మనుషుల గురించి చెబుతారు. ఆయన ఉన్న రోజుల్లోనే, 1997 నవంబరులో, త్రీ గార్జెస్ ఆనకట్ట కోసం నదిని మళ్లించారు. 2003లో జలాశయం నిండడం మొదలైంది. ఫూలింగ్‌లోని పాత పల్లపు వీధులు మునిగిపోయాయి. రాతితిన్నె ఇప్పుడు నీటి అడుగున కట్టిన ప్రదర్శనశాలలో ఉంది. శ్రీశైలం, నాగార్జునసాగర్ కింద మునిగిన ఊళ్ల కథలు విని పెరిగిన మనకు ఈ ఖండికలు మరో రకంగా తగులుతాయి. పరాయి ఊరివాడు రాసిన పుస్తకమే ఆ వీధుల వివరాలకు ఇప్పుడొక ఆధారం కావడం చిత్రమైన విషయం.

పైన చెప్పిన లోటును హెస్లర్ తరువాత కొంత పూడ్చారు. 2019లో ఆయన కుటుంబంతో చెంగ్‌డూ వెళ్లి, సిచువాన్ విశ్వవిద్యాలయంలో రెండేళ్లు మళ్లీ పాఠాలు చెప్పారు. చైనాలో పీస్ కోర్ కార్యక్రమం 2020లో ముగిసిపోయింది. 2024లో వచ్చిన ‘అదర్ రివర్స్’ పుస్తకంలో ఫూలింగ్ పాత విద్యార్థులు నడివయసువారిగా మళ్లీ కనిపిస్తారు. వారికి ఆయన ప్రశ్నావళులు పంపి, ఉత్తరాలు రాసి, వెళ్లి కలిసి, వారి ఉద్యోగాలు, జీతాలు, పిల్లల చదువులు అడిగి తెలుసుకున్నారు. వారిలో చాలామంది ఉపాధ్యాయులుగానే స్థిరపడ్డారు. తరగతి గదిలో గడిపిన ఏళ్లు లెక్కిస్తే వాళ్లే ఇప్పుడు తమ గురువు కంటే ఎంతో సీనియర్లు. వీలైతే రెండు పుస్తకాలూ వరసగా చదవండి. మొదటిదాన్ని ఒక్కటే చదివి ఆపేస్తే ఆ విద్యార్థులు మనకు ఇరవై ఏళ్ల వయసులోనే, బల్లల మీదే ఉండిపోతారు.